వాన కబురు ఎట్ల చదవాలె, చదివి ఏం చెయ్యాలె: ఓరుగల్లు దిక్కు రైతులకు

ఐకేపీ సెంటర్ల వడ్లు కుప్ప పోసి కాంటా కోసం ఎదురుచూస్తుంటే ఫోన్ల "తెలంగాణకు వర్షసూచన" అని మెసేజ్ వస్తది. దాంతోని ఏం చెయ్యాలె? ఎక్కడ, ఎప్పుడు, ఎంత, ఎంత గట్టిగ చెప్తున్నరు, ఈ నాలుగు తెల్వకపోతే రోజూ పట్టాలు కప్పుడు తీసుడే అయితది, యాష్టకొచ్చి కప్పని రోజే కుప్ప తడుస్తది. ఆ నాలుగు కూడ సర్కారోళ్లు ఇచ్చే బులెటిన్లనే ఉంటయి, పైసా ఖర్చు లేదు.

ముందుగాల దూరం అంచనా. ప్రతి గురువారం ఐఎండీ, అంటే భారత వాతావరణ శాఖ, రాబోయే నాలుగు వారాలకు ఒక అంచనా ఇస్తది, అది మామూలు కంటే వాన ఎక్కువనా తక్కువనా అని చెప్తది అంతే, ఏ రోజు పడ్తదో చెప్పదు. దాన్ని చూసి కూలోళ్లను మాట్లాడుకునుడు, ఎరువులు తెచ్చుకునుడు దాకా ఓకే. విత్తనం మాత్రం పెట్టొద్దన్నా. పత్తికి నేల 60 నుంచి 75 మిల్లీమీటర్ల వాన తాగినంకనే గింజ పెట్టుమని వ్యవసాయ శాస్త్రవేత్తలు ఏటా మొత్తుకుంటనే ఉన్నరు. మృగశిర కార్తె వచ్చిందని దుక్కి పొడిగ ఉండంగనే పెడితే ప్యాకెట్ల పైసలు మట్టిల పోసినట్టే.

తర్వాత ఐదు రోజులది, అసలు పని ఇక్కడ. మేఘదూత్ యాప్ పెట్టుకోండి, తెలుగుల ఉంటది, మంగళవారం శుక్రవారం జిల్లా వారీగ ఏ పంటకు ఏం చెయ్యాలెనో కూడ వస్తది. మిర్చికి మందు కొట్టాలనుకుంటే ముందు దీన్ని చూడాలె, కొట్టిన కొద్దిసేపటికే వాన పడితే మందు, కూలి రెండూ పాయె.

బులెటిన్ల మాటలకు లెక్క ఉంటది. "ఒకటి రెండు చోట్ల" అంటే ఆ ఏరియాల నాలుగో వంతు దాకనే వాన, "కొన్ని చోట్ల" అంటే సగం లోపు, "చాలా చోట్ల" అంటే సగం దాటి ముప్పావు దాకా, "దాదాపు అన్ని చోట్ల" అంటే ఆపైన. అట్లనే "భారీ" అంటే ఒక్క రోజుల 64.5 మిల్లీమీటర్ల నుంచి, "అతి భారీ" 115.6 నుంచి, 204.4 దాటితే "అత్యంత భారీ". ఇక్కడ రోజు అంటే పొద్దున 8:30 నుంచి తెల్లారి 8:30 దాకా. పసుపు రంగు పెడితే కబురు చూస్తుండుమని, నారింజ అంటే సామాన్లు సర్దుకుని రెడీగ ఉండుమని, ఎరుపు అంటే ఇగ కదలాలెనని.

నిన్న ఒకటి చెప్పిన్రు ఇయ్యాల మార్చిన్రు, అంత అబద్ధం అని చానా మంది అంటరు. అట్ల అనుకోవద్దు, మారుడే మంచిది. పొద్దున 5:30కు, సాయంత్రం 5:30కు బెలూన్లు ఎగరేసి పైగాలి కొలుస్తరు, 2024 ఫిబ్రవరిల పంపిన ఇన్సాట్-3డీఎస్ లాంటి ఉపగ్రహాలు మబ్బుల ఫొటోలు తీస్తనే ఉంటయి, ఇవన్నీ పుణె ఐఐటీఎం అనే వాతావరణ పరిశోధన సంస్థల ఉన్న అర్క, నోయిడాల ఉన్న అరుణిక అనే సూపర్ కంప్యూటర్లకు పోతయి. అక్కడ ఒక్క లెక్క కాదు, మొదట్ల గాలి, తేమ కొంచెం కొంచెం మార్చి అదే లెక్కను చానా సార్లు వేస్తరు. అన్నిట్ల వాన వస్తే నమ్మకం గట్టిది, సగంల వచ్చి సగంల రాకుంటే డౌటు అన్నట్టు. వాన పడే అవకాశం ఇన్ని శాతం అనే లెక్క అక్కడినుంచే వస్తది. అందుకే బులెటిన్ ఎన్ని గంటలకు ఇచ్చిన్రో మొదలు చూడాలె, నిన్నటిది వాట్సాప్ల తిప్పుకుంట కూసుంటే లాభం లేదు.

ఇంతకుముందు వాన లెక్క వేసే ఐఎండీ కంప్యూటర్ మోడల్ భూమిని 12 కిలోమీటర్ల గడులుగ కోసేది, కాజీపేట, హనుమకొండ, వరంగల్ దాదాపు ఒక్క గడిల పడేటియి. 2025 మే నుంచి ఐఐటీఎం తయారుచేసిన భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్ 6 కిలోమీటర్ల గడితోని నడుస్తుంది. నాకైతే ఇది చాలా పెద్ద అడుగు. గని ఎండకాలం సాయంత్రం లేచే ఉరుముల మబ్బు అంతకన్నా చిన్నగ కూడ ఉంటది, కాబట్టి రాళ్లవాన మీ చెల్క మీదనే పడ్తదని రెండు రోజుల ముందు ఎవ్వలూ చెప్పలేరు.

దానికి రాబోయే మూడు గంటలకు ఇచ్చే కబురు, రాడార్ చూడాలె. హైదరాబాద్ రాడార్ ఫొటోలు ఐఎండీ సైట్ల దొరుకుతయి. ఒక్కటి చూసి ఆగొద్దు, వరుసగ మూడు నాలుగు చూసి ఎర్ర మచ్చ ఎటు జరుగుతుందో పట్టాలె, అరగంటల 15 కిలోమీటర్లు జరిగితే ఇంకో 30 కిలోమీటర్ల దూరంల ఉన్న మీ ఊరికి సుమారు గంట. కుప్పలు దగ్గరికి లాగి పట్టాలు కప్పి, అంచుల మీద ఇటుకలు పెట్టడానికి ఆ గంట సరిపోతది. మనం రాడార్‌కు దూరం కాబట్టి దాని కిరణం మన దగ్గరికొచ్చేసరికి నేలకు రెండు కిలోమీటర్లకు పైననే పోతది, కింది మబ్బులు తక్కువ కనపడ్తయి, ఫొటోల ఏం లేకున్నా చినుకులు పడొచ్చు.

పిడుగుకు దామిని యాప్, ఇది కూడ ఐఐటీఎందే, మీ చుట్టూ 20, 40 కిలోమీటర్లల ఎక్కడ పడుతుందో చూపిస్తది. ఉరుము ఇనపడ్డదంటే పొలం ఇడిచి పక్కా ఇంట్లకు పోవాలె, చింతచెట్టు కిందికి మాత్రం పోవద్దు తమ్మీ, ఆఖరి ఉరుము తర్వాత అరగంట దాకా బయటికి రావద్దు.

వాగు పక్కన ఉండేటోళ్లకు ఇంకో సంగతి. 2023 జూలైల ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటల ఒక్క రోజుల 649.8 మిల్లీమీటర్లు పడ్డది, అత్యంత భారీ అనే లెక్కకు మూడింతలు దాటింది, అప్పుడే భూపాలపల్లి దిక్కు మోరంచపల్లి నీళ్లల్ల మునిగితే హెలికాప్టర్లు రావాల్సొచ్చింది. అందుకే మీ ఊర్ల వాన ఎంత అని కాదు, మీ వాగు ఏ మండలాల నుంచి వస్తదో అక్కడి వాన చూడండి, రాష్ట్ర ప్లానింగ్ సొసైటీ ఆటోమేటిక్ స్టేషన్ల లెక్కలు మండలాల వారీగ సైట్ల పెడ్తది. వాగు వచ్చే పై మండలాలకు ఎర్ర రంగు ఉండి చీకటి పడుతుంటే ముసలోళ్లను, పిల్లలను, గొడ్లను పొద్దుండంగనే మిట్టకు తోలాలె, రాత్రి లేచి చూద్దాం అనొద్దు.

ఇంటి దగ్గర కూడ ఒక లెక్క పెట్టుకోండి. నిలువు అంచులున్న డబ్బా ఏదైనా చెట్లకు దూరంగ పెట్టి రోజూ పొద్దున 8:30కు స్కేలుతోని నీళ్లు కొలిచి రాసుకుంటే చాలు, ఎకరం మీద ఒక్క మిల్లీమీటరు అంటే దాదాపు 4,000 లీటర్లు. రెండు మూడు నెలలు రాసినంక బులెటిన్ పక్కన పెట్టి చూస్తే మీ ఊరికి "కొన్ని చోట్ల" అన్నప్పుడు ఎన్నిసార్లు పడ్డదో తెలుస్తది, ఆ కాయితం వ్యవసాయ విస్తరణ అధికారి (ఏఈఓ) సార్‌కు కూడ చూపియ్యండి.