రోమన్ కంచు నాణేన్ని చింతపండుతో తోమకండి

మాది అమలాపురం. మొదటి రోమన్ కంచు నాణెం చేతికి రాగానే, రాగి చెంబు తోమినట్టు చింతపండు పెట్టి తోమేశాను. ముదురాకుపచ్చ పొరతో పాటు, దాని మీదున్న రాణిగారి బొమ్మలో జుట్టు పాయలూ చెరిగిపోయాయి. ఇప్పటికీ ఆ బాధ పోలేదు.

ముందు కిటికీ దగ్గర, వెలుతురు పక్కనుంచి పడేలా నాణేన్ని కాస్త వంచి పట్టుకోండి. అరిగిన అక్షరాలు కూడా నీడల్లో తేలతాయి. 'దివా' (DIVA) అని ఉంటే, చనిపోయాక దేవతగా ప్రకటించిన రాణి అన్నమాట. రోమన్ చక్రవర్తి ఆంటోనినస్ పయస్ భార్య పెద్ద ఫౌస్టినా పేరిట ఇలాంటివి చాలా వచ్చాయి. నడినెత్తిన కొప్పుంటే చాలావరకు ఆవిడే. కూతురు చిన్న ఫౌస్టినాకు కొప్పు తల వెనక ఉంటుంది.

వెనకవైపు రోమన్ దేవతలుంటారు: నెమలి కనిపిస్తే దేవతల రాణి జూనో, చేతిలో ధాన్యం కంకులుంటే పంటల దేవత సెరీస్, పాముకు మేత పెడుతుంటే ఆరోగ్య దేవత సాలస్. కంకులు చూసి మనవాళ్లు వరి అంటారు గానీ, అవి గోధుమ కంకులు.

మన కోనసీమ గాలిలో తేమే అసలు టెన్షన్. లేతాకుపచ్చ పొడి రాలితే కంచుకు జబ్బు పట్టినట్టే. ఆ నాణేన్ని వెంటనే విడిగా పెట్టండి. డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టి, రోజూ నీళ్లు మార్చండి. తర్వాత పూర్తిగా ఆరబెట్టి, తేమ పీల్చే సిలికా జెల్ పొట్లం వేసిన గట్టి మూత డబ్బాలో దాచండి. వానాకాలంలో పొట్లం తరచూ మార్చాలి.