ఎడ్యుకేషన్ లోన్ వడ్డీ సర్కారు కట్టాలంటే ముందు మీసేవకి వెళ్లాలి

మొన్న ఆదివారం మా పిన్ని కొడుకు రామంతాపూర్ నుంచి ఫోన్ చేశాడు. "అక్కా, బీటెక్ అయిపాయె, జాబ్ ఇంకా రాలె. బ్యాంకోళ్లు ఫోన్లు చేస్తున్రు. లోను గవర్నమెంటు కడ్తదంట గదా, యాడ అప్లై చెయ్యాలె?" అన్నాడు. అరగంట చెప్పాను. ఆ తర్వాత మా మెట్ల కింద ఆంటీ కూడా తన కూతురి కోసం అదే అడిగింది. మళ్లీ మళ్లీ చెప్పే ఓపిక లేక రాసి పెడుతున్నాను.

మన దగ్గర కేంద్రం కట్టేది వడ్డీ మాత్రమే. అసలు మనమే తీర్చాలి. ఆ వడ్డీ కూడా కోర్సు నడిచినన్నాళ్లు, ఆపైన ఒక్క ఏడాది. దాన్నే బ్యాంకులో మారటోరియం అంటారు. ఆ గడువు దాటిన రోజు నుంచి వడ్డీ, అసలు రెండూ మన నెత్తినే. రైతు రుణమాఫీలో ఇది కూడా పోతుందేమో అని మా పెద్దనాన్న రెండేళ్లు ఆశపడ్డాడు. పోదు. డబ్బులిస్తే మాఫీ చేయిస్తామని ఎవరైనా ఫోన్ చేస్తే పెట్టేయండి.

పథకం పేరు సీఎస్ఐఎస్, అంటే కేంద్ర వడ్డీ రాయితీ పథకం. 2009-10 విద్యాసంవత్సరం నుంచి ఉంది. తల్లిదండ్రుల ఆదాయం అన్ని రకాలుగా కలిపి ఏడాదికి 4.5 లక్షలు దాటకూడదు. చదువు మన దేశంలోనే, టెక్నికల్ లేదా ప్రొఫెషనల్ కోర్సు అయ్యుండాలి. కాలేజీకి న్యాక్ (కాలేజీల నాణ్యత చూసి గ్రేడు ఇచ్చే సంస్థ) గుర్తింపు గానీ, ఆ బ్రాంచికి ఎన్‌బీఏ (టెక్నికల్ కోర్సులకి గుర్తింపు ఇచ్చే బోర్డు) గుర్తింపు గానీ ఉండాలి. ఐఐటీ, ఎన్ఐటీ లాంటి జాతీయ సంస్థలకి ఈ బాధ లేదు. నేను చేరినప్పుడు 7.5 లక్షల లోను వరకే వర్తించేది, ఇప్పుడు 10 లక్షలు. జీవితంలో ఒక్కసారే ఇస్తారు, డిగ్రీకి వాడుకుంటే పీజీకి రాదు. ఆరోగ్యం బాగోలేక తప్ప వేరే కారణంతో మధ్యలో చదువు మానేస్తే అదీ పోతుంది.

మా ఇంటి లెక్క చెప్తాను. నాన్న చర్లపల్లి ఇండస్ట్రియల్ ఏరియాలో మెషిన్ ఆపరేటర్, నెలకి 24 వేలు. ఏడాదికి 2.88 లక్షలు. బీసీలకి ఫీజు రీయింబర్స్‌మెంట్ రావాలంటే సిటీలో 2 లక్షల లోపు ఆదాయం ఉండాలి కాబట్టి అది రాలేదు. చేతి నుంచి ఏటా లక్ష కట్టే స్తోమతా లేదు. ఇదిగో ఈ మధ్యలో ఇరుక్కున్న ఇళ్లకి సీఎస్ఐఎస్ సరిగ్గా సరిపోతుంది. కానీ దాని గురించి కౌన్సెలింగ్‌లో ఎవరూ చెప్పరు, కాలేజీలోనూ చెప్పరు.

ఇప్పుడు అసలు విషయం. నా అప్పుడు దీనికి విద్యార్థి విడిగా అప్లై చేసేదేమీ ఉండేది కాదు, ఇప్పుడు ఎలాగో మీ బ్యాంకులో అడగండి. బ్యాంకే మన తరఫున క్లెయిమ్ వేస్తుంది, అన్ని బ్యాంకుల క్లెయిములూ చూసే నోడల్ బ్యాంకు కెనరా బ్యాంకు. బ్యాంకు క్లెయిమ్ వేయాలంటే ఫైల్లో ఆదాయ ధ్రువపత్రం ఉండాలి, అది కంప్యూటర్లో ఎక్కి ఉండాలి. నా లోను 2018 ఆగస్టులో శాంక్షన్ అయింది. ఇంటర్ స్కాలర్‌షిప్ కోసం తీసిన పాత సర్టిఫికెట్ ఉంటే అదే జిరాక్స్ తీసి ఇచ్చాను. ఎవరూ వద్దనలేదు, ఫైల్లో పెట్టేశారు. 2020లో నా బెంచ్‌మేట్ పాస్‌బుక్ చూపించి "సబ్సిడీ పడ్డది, నీకు పడలేదా?" అనేదాకా నాకు అనుమానమే రాలేదు. పరుగెత్తుకెళ్తే ఆఫీసరు ఫైలు తిప్పి, "ఇది గడువు అయిపోయిన సర్టిఫికెట్ అమ్మా, పైగా ఇందులో లక్షా ఎనభై వేలని ఉంది, మీ నాన్న పే స్లిప్పుల్లో రెండు లక్షల ఎనభై ఎనిమిది ఉంది" అన్నాడు. తప్పు నాదీ ఉంది, వాళ్లదీ ఉంది. కొత్తది ఇచ్చాక ఆ పై సంవత్సరాలవి పడ్డాయి. మొదటి ఏడాది వడ్డీ, సుమారు పదివేలు, క్లెయిమ్ గడువు దాటిపోయిందని నా ఖాతాలోనే మిగిలిపోయింది.

అందుకని మీసేవలో ఆదాయం తగ్గించి రాయించే మన అలవాటుని ఇక్కడికి తేవద్దు. 4.5 లక్షల దాకా జాగా ఉంది, ఉన్నదున్నట్టు రాయండి. అమ్మ బ్లౌజులు కుట్టినా, పైపోర్షన్ అద్దె వచ్చినా కలపండి. మీసేవలో దరఖాస్తు పెట్టాక ఎంక్వైరీ అయి తహసీల్దార్ సంతకంతో వస్తుంది. మాది ఉప్పల్ మండలం. ఆధార్, రేషన్ కార్డు, పే స్లిప్పులు పట్టుకుని నాన్న సెలవు పెట్టి వెళ్లాడు. దరఖాస్తు మీద తప్పు ఫోన్ నంబరు పడితే ఆ కాగితం ఎక్కడుందో తెలుసుకోవడానికే వారం పడుతుంది. చేతికి రాగానే రెండు కాపీలు తీసి, ఒకటి బ్యాంకులో ఇచ్చి, రెండోదాని మీద స్టాంపూ తేదీ వేయించుకోండి. స్టాంపు అడిగితే ముఖం చిట్లిస్తారు. అయినా అడగండి.

ఇంత గొడవ ఎందుకంటే, ఏడాదికి లక్ష చొప్పున నాలుగేళ్లు లోను తీసుకున్నారనుకోండి, వడ్డీ 10 శాతం. మారటోరియంలో బారువడ్డీయే వేస్తారు. మొదటి లక్ష మీద ఐదేళ్ల వడ్డీ 50 వేలు, రెండో లక్ష మీద 40, మూడోదాని మీద 30, నాలుగోదాని మీద 20. మొత్తం 1.4 లక్షలు. రాయితీ వస్తే 4 లక్షల మీద ఈఎంఐ మొదలవుతుంది, ఏడేళ్లకి నెలకి దాదాపు 6,640. రాకపోతే 5.4 లక్షల మీద, దాదాపు 8,960. 

కోర్సు అయిపోయినవాళ్లు చేయాల్సింది ఇంకోటి ఉంది. ప్రొవిజనల్ సర్టిఫికెట్, మార్కుల మెమో తీసుకుని బ్యాంకుకి వెళ్లి కోర్సు ఎప్పుడు ముగిసిందో రాసివ్వండి, మారటోరియంలో ఆ ఆపై ఏడాది లెక్క అక్కణ్నుంచే. అప్పుడే మొదటి రోజు నుంచి లోన్ స్టేట్‌మెంట్ అడగండి. సబ్సిడీ జమ ఏ ఏ సంవత్సరాలకి పడిందో పెన్నుతో టిక్కు పెట్టుకోండి. డబ్బు ఢిల్లీ నుంచి ఆలస్యంగానే వస్తుంది, అందాకా వడ్డీ డెబిట్ కనపడుతూనే ఉంటుంది, దానికి కంగారు పడక్కర్లేదు. కానీ ఒక సంవత్సరం పూర్తిగా ఖాళీగా కనపడితే ఆ క్షణమే ఉత్తరం రాసివ్వండి. నోటి మాటకి విలువ లేదు. 30 రోజుల్లో జవాబు రాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి (బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే అధికారి) ఆన్‌లైన్లో ఫిర్యాదు చేయొచ్చు, ఖర్చు లేదు. 14448కి ఫోన్ చేస్తే ఎలాగో చెప్తారు.

ఈఎంఐ మొదలయ్యాక మాత్రం నెల తప్పొద్దు. ఉద్యోగం మారే సందులో నేను రెండు తప్పాను. నాన్న కో-బారోయర్, అంటే లోనులో నాతో పాటు సంతకం పెట్టిన అప్పుదారు కాబట్టి ఆయన సిబిల్ స్కోరు (అప్పులు సరిగ్గా కడుతున్నామో చూపే మార్కు) పడిపోయింది. ఆ సంగతి ఆయనకి స్కూటీ కొనబోయినప్పుడు షోరూంలో తెలిసింది. ఆ రోజు ఇంట్లో ఎవరూ సరిగ్గా అన్నం తినలేదు. దసరా బోనస్ లాంటిది చేతికొస్తే ముందే కట్టేయండి. ఫ్లోటింగ్ (మారుతూ ఉండే) వడ్డీ లోను అయితే ముందే తీర్చినందుకు జరిమానా వేయకూడదని రిజర్వు బ్యాంకు నియమం.

పన్ను సంగతి క్లుప్తంగా. ఎడ్యుకేషన్ లోన్ వడ్డీ మినహాయింపు (1961 ఆదాయపు పన్ను చట్టంలో సెక్షన్ 80ఈ) కింద కట్టిన వడ్డీ అంతా ఆదాయంలోంచి తీసేయొచ్చు, 8 ఏళ్ల పాటు. పాత పన్ను పద్ధతిలో ఉన్నవాళ్లకే. కొత్త పద్ధతిలో ఏడాదికి 12 లక్షల లోపు జీతానికి ఇప్పుడు ఎలాగూ పన్ను పడదు కాబట్టి కొత్తగా చేరినవాళ్లు దీని గురించి బుర్ర పాడుచేసుకోనక్కర్లేదు.

ఆదాయం 4.5 లక్షలు దాటి 8 లక్షల లోపు ఉంటే పీఎం విద్యాలక్ష్మి ఉంది. 2024 నవంబరులో కేబినెట్ ఆమోదించింది. 10 లక్షల లోను వరకు మారటోరియంలో 3 శాతం వడ్డీ రాయితీ. అయితే దేశం మొత్తంలో ఎంపిక చేసిన సంస్థల్లోనే, ఆమోదించినప్పుడు అవి 860. మన పక్కన హెచ్‌సీయూ (హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ), కంది ఐఐటీ లాంటి కేంద్ర సంస్థలు అందులోకి వస్తాయి. ఇతర సర్కారు స్కాలర్‌షిప్‌కి అర్హత ఉన్నవాళ్లకి ఈ 3 శాతం ఇవ్వరు. ఏటా లక్ష మందికే, ప్రభుత్వ కాలేజీల వాళ్లకి ముందు. అమెరికా పోయేవాళ్లకి ఈ రెండూ పనికిరావు. మైనారిటీ పిల్లల విదేశీ చదువు లోన్లకి వడ్డీ కట్టే పఢో పర్‌దేశ్‌ను 2022-23లో ఆపేశారు. రాష్ట్రం ఇచ్చే ఓవర్సీస్ విద్యానిధి వేరు, అది లోను కాదు, గ్రాంటు.

ఫోన్ చేసిన మా పిన్ని కొడుకు ఫైల్లో ఆదాయ సర్టిఫికెట్ ఉందట, ఏ ఏడాదిదో మాత్రం గుర్తులేదట. సోమవారం మెమోతో పాటు పాస్‌బుక్ కూడా పట్టుకెళ్లమన్నాను. మూడేళ్లుగా దాంట్లో ప్రింటే కొట్టించలేదని అప్పుడు చెప్పాడు.