చిలికా గాలికి ఆప్టిమిస్ట్ తెరచాప బిగించే పద్ధతి

ఒడిశాలోని రంభ ఊరి దగ్గర చిలికా సరస్సు లోతు తక్కువ. వేసవిలో మధ్యాహ్నం దాటాక దక్షిణపు గాలి పెరిగితే పొట్టి అలలు గబగబా లేస్తాయి. అందుకే పిల్లల పందెపు పడవ ఆప్టిమిస్ట్‌ని ఒడ్డునే సరిగ్గా బిగించి దింపాలి.

ముందు కట్లు. తెరచాపను మాస్టుకి (నిలువు స్తంభం), బూమ్‌కి (తెరచాప కింది అంచున ఉండే అడ్డ కర్ర) 2 మి.మీ. పాలిస్టర్ తాడుతో కట్టండి. వలల దుకాణంలో దొరికే నైలాన్ తాడు చవకే గానీ సాగుతుంది, తడిస్తే మరీనూ. మూలల కట్లు 1–2 మి.మీ. సందుతో దగ్గరగా, మధ్యవి కాస్త వదులుగా ఉండాలి. సందు ఎక్కడా 10 మి.మీ. దాటకూడదు, అది ఈ రకం పడవల పందేలకు పెట్టిన క్లాస్ నియమం. మాస్టుని పడవలో దాని చోట దించి నిలిపాక, దాన్ని పట్టి ఉంచే క్లిప్ వేయడం మరిచిపోవద్దు. క్లిప్ లేకపోతే పడవ బోర్లాపడ్డప్పుడు మాస్టు ఊడి వస్తుంది.

అసలు పని స్ప్రిట్‌దే. తెరచాప పై బయటి మూలను ఎత్తిపట్టే ఏటవాలు కర్ర ఇది. తెరచాపను గాలికి నింపి, ముడతలు చూడండి. మాస్టు పైమూల నుంచి బూమ్ చివరికి ముడత పడితే స్ప్రిట్ వదులుగా ఉన్నట్టు. స్ప్రిట్ కొస నుంచి మాస్టు కిందిమూలకు పడితే ఎక్కువ బిగిసినట్టు. గట్టి గాలి రోజున ఈ రెండో ముడత ఒడ్డున సన్నగా కనిపించేలా బిగించండి, నీటిలో గాలి ఒత్తిడికి అదే మాయమవుతుంది. బూమ్‌ని కిందికి లాగే వ్యాంగ్ బిగించాక మొదటి ముడత మళ్ళీ కనిపిస్తుంది. చాలామంది ఇక్కడే పొరబడతారు. స్ప్రిట్‌ని ఇంకోసారి చూసుకోవాల్సిందే.

మాస్టు వాలు కొలవాలంటే, నిలబెట్టకముందే టేపు కొసను మాస్టు శిఖరానికి తగిలించండి. అక్కడి నుంచి పడవ వెనక పలక పైఅంచు మధ్య వరకు సుమారు 2.80 మీటర్లతో మొదలుపెట్టండి. చుక్కాని పిడి చేతిని బాగా లాగుతూ, ముక్కు గాలివైపే తిరుగుతుంటే ముందు పిల్లవాడు సరిగ్గా బయటికి వాలి పడవను సమంగా ఉంచుతున్నాడో లేదో చూడండి. ఒరిగిన పడవ కూడా అలాగే తిరుగుతుంది. అది సరిగ్గానే ఉంటే ఆ కొలత 1–2 సెం.మీ. పెరిగేలా మాస్టు అడుగును వెనక్కి జరిపి, మాస్టుని నిటారు చేయండి.

తిరిగొచ్చాక డాగర్‌బోర్డ్ (పడవ మధ్య నుంచి నీళ్ళలోకి దించే పలక) గాడిలో ఇరుక్కున్న నాచు, ఇసుక తీసేయండి. ఉప్పునీరు తగిలిన కప్పీలు, తాళ్ళు మంచినీళ్ళతో కడిగి, స్ప్రిట్, వ్యాంగ్ వదులు చేసి తెరచాపను నీడలో ఆరబెట్టండి.