హోమర్ కావ్యాల్లో చిన్న పాత్రల పేర్లకు అర్థం రాబట్టడం ఎలా?

ఇలియడ్, ఒడిస్సీల్లో ఒకటి రెండు పంక్తుల్లో మెరిసి పోయేవాళ్లు వందల్లో ఉన్నారు. కొన్ని పేర్లు కవి ఆ సందర్భానికే అల్లినవి, కొన్ని ముందునుంచీ వాడుకలో ఉన్నవి. ఏది ఏదో ఇలా తేల్చుకోవచ్చు.

1. పేరును గ్రీకు మూలంలో చూసి రాసుకోండి, సర్గ, పంక్తి సంఖ్యలతో సహా. చాలా అనువాదాలు లాటిన్ పద్ధతిలో రూపం మార్చేస్తాయి.

2. చివరి ప్రత్యయం తీసేసి, మిగిలినదాన్ని ముక్కలు చేయండి. సాధనకు ఒడిస్సీ 8వ సర్గ 111-117 పంక్తులకు మించినవి లేవు. ఆటలపోటీకి దిగే ఫయాకియన్ యువకుల్లో ప్రోరేయుస్ పేరులో ఓడ ముందుభాగం, ప్రిమ్నేయుస్‌లో వెనుకభాగం, ఎరెట్మేయుస్‌లో తెడ్డు, పోంటేయుస్‌లో సముద్రం వినిపిస్తాయి. అందరూ నావికజాతివాళ్లు కాబట్టి కవి సరదాగా కూర్చిన జాబితా ఇది.

3. తండ్రి పేరూ చూడండి. దశరథుడి కొడుకు దాశరథి అయినట్టే, గ్రీకులో ‘-ఇడేస్’, ‘-ఇయాడేస్’ చేరతాయి. గాయకుడు ఫేమియోస్‌ను ‘టెర్పియాడేస్’ అంటాడు కవి (ఒడిస్సీ 22.330): ఆనందపుత్రుడు. ఇలియడ్ 5.59-60లో ఫేరెక్లోస్ తండ్రి టెక్టోన్ అంటే వడ్రంగి, తాత పేరులో ‘అతికించడం’ ఉంది. ట్రాయ్ రాకుమారుడు పారిస్‌కు ఓడలు కట్టిన ఇల్లు అది!

4. చుట్టుపక్కల పంక్తులు చదవండి. అన్నిటికన్నా ముఖ్యం ఇదే. కొన్నిచోట్ల కవే కారణం చెప్తాడు. బిచ్చగాడు అర్నయోస్ కబుర్లు మోస్తాడని కుర్రాళ్లు అతణ్ని ‘ఈరోస్’ అన్నారు (ఒడిస్సీ 18.5-7), దేవతల దూత ఈరిస్ గుర్తుకొస్తుంది. సిమోయిస్ నది ఒడ్డున పుట్టినవాడు సిమోయిసియోస్ (ఇలియడ్ 4.474-477). ఇలాంటి వివరణ ఆనాటి శ్రోతలు పేరును ఎలా విన్నారో చెబుతుంది. అదే అసలు వ్యుత్పత్తి కావాలని లేదు.

5. అదే పేరు ఇంకెక్కడుందో వెతకండి. ఎక్కువమంది తప్పేది ఇక్కడే. అంఖియాలోస్ అంటే ‘సముద్రానికి దగ్గరివాడు’. పైన చెప్పిన ఫయాకియన్ల జాబితాలో ఈ పేరూ ఉంది, అక్కడ బాగా అతుకుతుంది. ఇలియడ్ 5.609లో ట్రాయ్ వీరుడు హెక్టర్ చంపిన అంఖియాలోస్‌కు మాత్రం సముద్రంతో పనే లేదు, అక్కడ అది ఉత్త పేరు.

‘క్లేఓస్’ (కీర్తి) కలిసిన పేర్లు మరీ మామూలు, వాటిలో గూఢార్థం వెతక్కండి. మినహాయింపు ఒకటుంది: వీరుడు అఖిలేస్ ప్రాణమిత్రుడు పట్రోక్లోస్ పేరులోని రెండు ముక్కలే (తండ్రి, కీర్తి) తిరగబడి, ఇలియడ్ 9వ సర్గలో చెప్పే పాత కథలోని వీరుడు మెలేయాగ్రోస్ భార్య క్లేఓపాట్రా పేరులో కనిపిస్తాయి. ఆ కథ చెబుతున్నది అఖిలేస్‌కు, వింటున్నవాళ్లలో పట్రోక్లోస్ ఉన్నాడు. ఇది యాదృచ్ఛికం కాదనే పండితులు తక్కువేమీ కాదు.