జ్వరాల కాలం రాకముందే సీసా మీది అక్షరాలు చదివి పెట్టుకోండి

పిల్లల జ్వరం పగలు అంతగా భయపెట్టదు. అర్ధరాత్రి ఒళ్లు కాలిపోతుంటే, సగం నిద్రలో, మసక వెలుతురులో మందు పోస్తామే, పొరపాట్లు ఎక్కువగా అప్పుడే జరుగుతాయి. అందుకే జలుబులు, జ్వరాలు మొదలయ్యే రోజులకు ముందే ఒక పగటిపూట కాస్త కూర్చోండి.

మొదట బిడ్డను తూకం వేయండి. జ్వరం మందు పారాసెటమాల్ వయసు కన్నా బరువును బట్టి వేస్తేనే మోతాదు సరిగ్గా కుదురుతుంది. కిలో బరువుకు ఒక్కోసారికి 10 నుంచి 15 మిల్లీగ్రాములు. అంటే 10 కిలోల బిడ్డకు 100 నుంచి 150. ఇప్పుడు సీసా తిప్పి చూడండి. సిరప్‌లో 5 మిల్లీలీటర్లకు 120 ఉండొచ్చు, 250 ఉండొచ్చు. చంటిపిల్లల డ్రాప్స్‌లో అయితే ఒక్క మిల్లీలీటరులోనే 100 దాకా ఉంటుంది. బుల్లి సీసా కదా, మందు పలచనగా ఉంటుందిలే అనుకుంటాం. నిజానికి అదే చిక్కన. సిరప్ అనుకుని డ్రాప్స్ 5 మిల్లీలీటర్లు పోస్తే 500 మిల్లీగ్రాములు లోపలికి పోయినట్టే!

మీ బిడ్డకు మీ సీసాలోంచి ఎన్ని మిల్లీలీటర్లో డాక్టరుతోనో ఫార్మసిస్టుతోనో సరిచూసుకుని, కాగితం మీద రాసి సీసాకే అంటించండి. వంటింటి చెంచాలు ఒక్కోటి ఒక్కో సైజు. సూది లేని సిరంజే నయం. డోసుకూ డోసుకూ మధ్య కనీసం 4 గంటలు, రోజుకు 4 సార్లు మించకుండా. వేసిన టైమూ అక్కడే రాయండి. మా ఇంట్లో ఒకసారి నేను వేసి పడుకున్నాను, అరగంటకు మా ఆవిడ లేచి మళ్లీ సిరంజి నింపింది. బిడ్డ ఏడుపుకు నాకు మెలకువ వచ్చింది కాబట్టి సరిపోయింది. ఆ రోజు నుంచి రాయకుండా వేయడం లేదు.

టీనేజి పిల్లలతో తంటా వేరు. వాళ్లే డబ్బా తీసి మింగేస్తారు. జలుబు మాత్రల్లో చాలావాటిలో పారాసెటమాల్ ముందే కలిసి ఉంటుంది. పైన ఇంకో జ్వరం మాత్ర వేస్తే దెబ్బ కాలేయానికి. ఆస్పిరిన్ 16 ఏళ్లలోపు వాళ్లకు డాక్టరు చెబితే తప్ప వద్దు. అరుదుగానైనా రేయ్స్ సిండ్రోమ్ అనే జబ్బు వచ్చి మెదడు, కాలేయం దెబ్బతింటాయి. డెంగీ అనుమానం ఉంటే ఐబుప్రోఫెన్ అనే జ్వరం, నొప్పుల మందు కూడా వద్దు. కిందటిసారి మిగిలిన యాంటీబయాటిక్ మాట ఎత్తనే వద్దు.

మూడు నెలలు నిండని పసిబిడ్డకు 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ తగిలితే ఇంట్లో మందు వేసి చూద్దాం అనుకోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. ఏ వయసు పిల్లలైనా డొక్కలు ఎగరేస్తున్నా, లేపినా మగతగా ఉన్నా, మూత్రం బాగా తగ్గినా, గాజు గ్లాసుతో నొక్కి చూసినా మాయని మచ్చలు ఒంటి మీద కనిపించినా అంతే.

ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు కొందరికి జ్వరంతో ఫిట్స్ వస్తాయి. నోట్లో చెంచా గానీ వేలు గానీ పెట్టకండి, నీళ్లు పోయకండి, గట్టిగా పట్టుకోకండి. పక్కకు తిప్పి పడుకోబెట్టి గడియారం చూడండి. పక్కనున్న మనకు రెండు నిమిషాలు కూడా గంటలా అనిపిస్తుంది. 5 నిమిషాలు దాటితే అంబులెన్స్ పిలవాలి. తొందరగా ఆగిపోయినా, మొదటిసారి వచ్చిన ఫిట్స్ అయితే తెల్లారేదాకా ఆగకుండా చూపించాలి.