చెరువు గట్టు నుంచి పీజీ సీటు దాకా: సమాజంతో, ప్రకృతితో ముడిపడిన కళను చదవాలంటే ఎలా సిద్ధపడాలి?

1982లో జర్మనీలోని కాసెల్ నగరంలో యోసెఫ్ బోయిస్ అనే కళాకారుడు ఒక మ్యూజియం ముందు 7,000 బసాల్ట్ రాళ్లు గుట్టగా పోయించారు. ఊళ్లో ఒక మొక్క నాటితేనే ఒక రాయి అక్కడినుంచి కదలాలి. ఆ రాయిని మొక్క పక్కనే పాతాలి. పని పూర్తయ్యేసరికి 1987 వచ్చింది, అప్పటికి బోయిస్ లేరు. ఇందులో కళాకృతి ఏది? రాళ్లా, చెట్లా, ఐదేళ్లు గుంతలు తవ్విన జనమా? ఈ ప్రశ్న విసుగు పుట్టిస్తే ఇక్కడే ఆగిపోవచ్చు.

మొదట, నడిచి వెళ్లగలిగే చోటు ఒకటి ఎంచుకోండి

అమెజాన్ అడవి వద్దు. మీ ఊరి చెరువు చాలు. తూము ఎక్కడుంది, అలుగు ఎప్పుడు పోసింది, శిఖం భూమిలో, అంటే చెరువు నీరు నిలిచే నేలలో, ఇళ్లు ఎలా లేచాయి, నీరు వదిలే నీరటి ఇంకా ఉన్నాడా? తెలంగాణలో అయితే మిషన్ కాకతీయలో తీసిన పూడికమట్టి ఎవరి పొలానికి చేరిందో అడగండి. కొండపల్లి దగ్గరివాళ్లయితే బొమ్మల్ని గీస్తూ కూర్చోకుండా, వాటికి కావలసిన తెల్లపొణికి కర్ర ఏ అడవి నుంచి వస్తోంది, చెట్లు ఎన్ని మిగిలాయి అని వెతకండి.

ఏడాది పాటు తిరగండి

అన్నిటికంటే కష్టమైన మెట్టు ఇదే. మొదటి నెల కెమెరా తీయకండి. పుస్తకంలో తేదీ, నీటిమట్టం, ఎదురైన మనుషులు, వాళ్లు వాడిన మాటలు రాసుకోండి. గట్టు మీద గోడబొమ్మ వేసి ఫొటో దిగి వెళ్లిపోతే అది కళే కావచ్చు, ఈ చదువు అడిగేది మాత్రం అది కాదు. కళాకారిణి నవజోత్ అల్తాఫ్ బస్తర్‌లోని కొండగావ్‌లో ఆదివాసీ కళాకారులతో కలిసి ఏళ్ల తరబడి పనిచేశారు. అక్కడి ‘నల్‌పార్’ (బోరింగు ఉండే చోటు) పనుల్లో, బోరింగు దగ్గర ఆడవాళ్లు బిందె ఎత్తుకునేటప్పుడు పడే శ్రమను చూసి, దాన్ని తగ్గించేలా కట్టడాన్ని రూపొందించారు. అంత చూపు ఒక్క వారాంతంలో రాదు.

ఎవరి ఫొటో తీసినా, మాట రికార్డు చేసినా అనుమతి అడగండి. వద్దన్నవాళ్లను వదిలేయండి.

పోర్ట్‌ఫోలియో కూర్చండి

పోర్ట్‌ఫోలియో అంటే మీ పనుల ఫొటోలు, వివరాలు కూర్చిన పుస్తకం. నా లెక్కలో ఇరవై పుటలు దాటితే చూసేవాళ్లకు ఓపిక ఉండదు. ప్రతి పని కింద ఏడాది, చోటు, వాడిన పదార్థం, ఎవరితో కలిసి చేశారు అన్నవి ఉండాలి. చెడిపోయిన పనినీ ఒకటి పెట్టండి. మీరు నాటిన మొక్కల్ని మేకలు మేసేశాయా? ఆ ఖాళీ గుంతల ఫొటో పెట్టి, తర్వాత మేకల కాపరితో ఏం మాట్లాడారో రాయండి.

కోర్సు వెతకండి

హైదరాబాద్ విశ్వవిద్యాలయంలోని సరోజినీ నాయుడు స్కూల్, బరోడా, శాంతినికేతన్ లాంటి చోట్ల చిత్రకళ, శిల్పం, ప్రింట్‌మేకింగ్ అనే విభాగాలే ప్రధానం. అందుకే కోర్సు పేరు కంటే అక్కడి అధ్యాపకులు ఏం చేస్తున్నారో చూడండి. విదేశాల్లో లండన్ గోల్డ్‌స్మిత్స్‌లో, అమెరికాలోని న్యూ మెక్సికో విశ్వవిద్యాలయంలో కళ, పర్యావరణం కలిపిన పీజీ చదువులే ఉన్నాయి. అక్కడి ఖర్చు మాత్రం అక్షరాలా పొలం అమ్మించగలదు. ఉపకారవేతనాల గడువుల్ని సీటు గడువులతో పాటే కాగితం మీద రాసుకోండి. అర్హతలు ఏటా మారవచ్చు కాబట్టి ఆ ఏడాది నోటిఫికేషన్‌నే నమ్మండి.

ఉద్దేశపత్రం (స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్) రాయండి

‘కళతో సమాజంలో మార్పు తేవడం నా ఆశయం’ అన్న వాక్యాన్ని కొట్టేయండి. ‘మా చెరువుకు మూడు తూములుండేవి, ఒకటి పనిచేస్తోంది, మిగతా రెండూ ఎక్కడున్నాయో చూపించగలిగే మనిషి ఒక్కరే మిగిలారు’ అని మొదలుపెట్టండి. ఇంటర్వ్యూలో ‘ఊరివాళ్లకు ఏం దక్కింది?’ అని అడిగే అవకాశం ఎక్కువ. ఏమీ దక్కకపోతే అదే చెప్పండి.

పంపేముందు

ఉద్దేశపత్రం ఇంగ్లిషులో రాసినా, తెలుగులో ఒక ప్రతి తీసుకుని గట్టు దగ్గరికి వెళ్లండి. అందులో మీరు పేర్కొన్న మనిషికి చదివి వినిపించండి. ‘అలుగు అటు కాదు, ఇటు’ అని ఆయన అంటే, దిద్దిన తర్వాతే పంపండి.