రోడ్డు సైకిలును కారులో తీసుకెళ్లడం, దాని చక్రాలు మార్చుకోవడం

హార్స్‌లీ హిల్స్ ఎక్కాలనుకునే తిరుపతి సైకిలిస్టుకు భాకరాపేట కనుమ, పీలేరు, వాయల్పాడు, మదనపల్లె మీదుగా కొండ దాకా తొక్కే ఓపిక, తీరిక రెండూ ఒకే రోజున దొరకడం అరుదు కనుక, తెల్లవారకముందే సైకిలును కారులో వేసుకుని బయలుదేరి కొండ మొదట్లో దించుకోవడమే వీలైన పద్ధతి. అందుకు చక్రాలు తీసి బిగించడం చేతికి అలవాటు కావాలి. కొత్త చక్రాలు కొన్నప్పుడు అక్కరకొచ్చేదీ ఆ అలవాటే కాబట్టి రెండు పనులనూ కలిపే చెబుతున్నాను.

కారు వెనుక తగిలించే క్యారియర్ కంటే కారు లోపలే మేలని నా అభిప్రాయం. క్యారియర్ మీది సైకిలు నంబరు ప్లేటునూ వెనుక దీపాలనూ కప్పేయవచ్చు. పైగా కనుమ మలుపుల్లో పట్టీలు వదులవుతున్నాయేమోనన్న దిగులు ఒకటి. చిన్న కారులోనైనా వెనుక సీటు మడిస్తే, రెండు చక్రాలూ తీసిన ఫ్రేము సాధారణంగా పట్టేస్తుంది.

వెనుక చక్రం తీసే ముందు చైనును అన్నిటికంటే చిన్న పళ్లచక్రం మీదికి మార్చాలి. రిమ్ము బ్రేకులైతే వాటి పక్కనున్న చిన్న మీటను తెరిచి ప్యాడ్ల మధ్య ఎడం పెంచాలి. హైడ్రాలిక్ డిస్కు బ్రేకులైతే, చక్రం తీసిన వెంటనే ప్యాడ్ల మధ్య ప్లాస్టిక్ బిళ్లనో మడిచిన అట్టముక్కనో పెట్టాలి. లేకపోతే పొరపాటున బ్రేకు మీట నొక్కుకున్నప్పుడు ప్యాడ్లు దగ్గరకు వచ్చేసి, కొండ కింద డిస్కు మళ్లీ లోపలికి దూరదు. పాత బొంత పరచి, చైను వైపు పైకి వచ్చేలా ఫ్రేమును ఎడమ పక్కకు పడుకోబెట్టాలి. గేర్లు మార్చే వెనుక డీరైలర్ మీద ఏ బరువూ పడకూడదు. దాన్ని పట్టి ఉంచే కొక్కెం కాస్త వంగినా గేర్లు సరిగా పడవు. చక్రాలను విడిగా సంచుల్లో పెట్టి, అన్నిటికంటే పైన ఉంచాలి. ఒకసారి మదనపల్లెలో చవకగా దొరికిందని కొన్న టమాటా పెట్టెను తిరుగు ప్రయాణంలో చక్రం మీద పెట్టాను. ఇంటికొచ్చి బిగించి తిప్పితే, ప్రతి చుట్టులోనూ ఒకే చోట డిస్కు ప్యాడుకు రాసుకుని స్స్‌మంది. దాన్ని సరిచేయించిన ఖర్చుకు ఇంకో రెండు పెట్టెలు వచ్చేవి.

మన ఎండల్లో మూసిన కారు లోపల వేడి 60 డిగ్రీలకు చేరితే, 30 డిగ్రీల దగ్గర 80 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలమానం) కొట్టిన టైరులో గాలి దాదాపు 90కి పెరుగుతుంది. అందువల్ల కారులో ఎక్కించే ముందు కొంత గాలి తీసి, చేతిపంపు వెంట తీసుకెళ్లాలి.

తిరిగి బిగించేటప్పుడు సైకిలును నేల మీద నిలబెట్టే బిగించాలి. అప్పుడే ఇరుసు తన గాడిలో పూర్తిగా కూర్చుంటుంది. చక్రాన్ని పనిముట్లు లేకుండా బిగించే క్విక్ రిలీజ్ మీట మూసినప్పుడు అరచేతిలో దాని అచ్చు పడాలి. తెరిచిన రిమ్ము బ్రేకు మీటను మూయడం మరిచిపోయి దిగువకు బయలుదేరడం కంటే పెద్ద పొరపాటు ఈ పనిలో లేదు.

ఇక కొత్త చక్రాల సంగతి. ధర చూడకముందే ఇరుసు చూడాలి. పాత రిమ్ము బ్రేకు సైకిళ్లలో ముందు హబ్ (చక్రం మధ్య భాగం) వెడల్పు 100, వెనుక 130 మిల్లీమీటర్లు ఉంటుంది. నేటి డిస్కు బ్రేకు సైకిళ్లలో ఎక్కువగా 12 మిల్లీమీటర్ల త్రూ యాక్సిల్‌తో (ఫ్రేములోంచి దూర్చి మరతో బిగించే ఇరుసుతో) ముందు 100, వెనుక 142 ఉంటుంది. ఒకదాని చక్రం ఇంకోదానికి పట్టదు. తర్వాత చూడవలసింది క్యాసెట్ (వెనుక పళ్లచక్రాల గుత్తి): 11 గేర్ల షిమానో కంపెనీ రోడ్డు హబ్ మీద 8, 9, 10 గేర్ల క్యాసెట్ ఎక్కించాలంటే సాధారణంగా 1.85 మిల్లీమీటర్ల స్పేసర్ (ఎడం పూరించే రింగు) అవసరం. డిస్కులు ఆరు బోల్టులవో, మధ్యలో ఒకే రింగుతో బిగించే సెంటర్‌లాక్‌వో కూడా ముందే సరిచూసుకోవాలి. టైరు అంచును పట్టే కొక్కెం లేని హుక్‌లెస్ రిమ్ములకు గాలి పరిమితి 72.5 పీఎస్ఐ, తెల్లవారుజామున 65 కొట్టిన టైరు, పైన చెప్పిన వేడి కారులో ఆ గీత దాటేస్తుంది కనుక మన ఊరి వారికి నేను వాటిని సిఫారసు చేయను. రిమ్ము బ్రేకులున్నవారు కార్బన్ రిమ్ముల జోలికి వెళ్లకపోవడమే మంచిది. కొండ దిగేటప్పుడు బ్రేకు వేడంతా రిమ్ము మీదే పడుతుంది.

బరువు గురించి కొంచెం లెక్క వేయండి. మనిషీ సైకిలూ కలిపి 80 కిలోలైతే, చక్రాల్లో 400 గ్రాములు తగ్గించడమంటే మొత్తంలో అర శాతం. నిటారు ఎక్కుడులో గంట పట్టేచోట మిగిలేది 18 సెకన్లు. కనుక మొదట మంచి 28 మిల్లీమీటర్ల టైర్లు, ఫ్రేములో అవి పడితేనే, కొని చూడమంటాను. ఆ తర్వాతా చక్రాలు కావాలనిపిస్తే, గట్టి హబ్, ఎక్కడైనా దొరికే స్పోకులు ఉన్న అల్యూమినియం జత చాలు.

చక్రం మారాక గేర్లనూ బ్రేకులనూ మళ్లీ సరిచేయాలి. క్యాసెట్‌ను పట్టి ఉంచే లాక్‌రింగును 40 న్యూటన్ మీటర్ల బిగువుతో బిగించాలి. డిస్కు రాసుకుంటుంటే ప్యాడ్లను పట్టి ఉంచే క్యాలిపర్ బోల్టులు రెండింటినీ వదులు చేసి, బ్రేకు మీట గట్టిగా నొక్కి పట్టుకునే మళ్లీ బిగించాలి. కొత్త చక్రాలతో మొదటి సవారీని కొండ దిగువకు కాకుండా చంద్రగిరి దాకా చేసి, తిరిగొచ్చాక స్పోకులను జతజతగా నొక్కి చూడండి. ఏదైనా వదులుగా అనిపిస్తే కారులో ఎక్కించే ముందే మెకానిక్‌కు చూపించండి.